విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేయాలా, ఫార్మాట్ కొట్టి కొత్తగా వేయాలా

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ మంగళం పాడేసింది కదా, అప్పటి నుంచి బెంగళూరులో మనవాళ్లు ఎక్కడ కలిసినా ఇదే గోల. ఉన్నదాని మీదే 11కి అప్‌గ్రేడ్ చేసేయాలా, లేక మొత్తం తుడిచేసి కొత్తగా వేసుకోవాలా? కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డులో ఏ కౌంటర్ దగ్గర అడిగినా ఒకటే జవాబు. "ఫార్మాట్ కొట్టేద్దాం సార్, కొత్త మెషిన్‌లా అయిపోతుంది." వాళ్లకి అదే సులువు మరి. బూటబుల్ పెన్‌డ్రైవ్ చేతిలోనే ఉంటుంది, టీ తాగొచ్చేలోగా సగం పని అయిపోతుంది. ఇంటికెళ్లాక ప్రింటర్ పలక్కపోయినా, ట్యాలీ తెరుచుకోకపోయినా ఆ తిప్పలు మీవి.

నా మాట సూటిగా చెప్పేస్తాను. ముందు అప్‌గ్రేడే చేయండి. ఫార్మాట్ అనేది గట్టి కారణం ఉంటేనే. ఆ కారణాలేంటో కింద చెప్తాను గానీ, "స్లో అయిపోయింది" అన్నది మాత్రం వాటిలో లేదు.

ఎందుకంటే స్లో అవడానికి విండోస్ కంటే డిస్కే ఎక్కువసార్లు కారణం. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ మీద నొక్కండి, అది హెచ్‌డీడీనో (లోపల తిరిగే పాత రకం డిస్క్) ఎస్ఎస్‌డీనో (చిప్‌లతో చేసిన వేగమైన డిస్క్) అక్కడే రాసి ఉంటుంది. హెచ్‌డీడీ అయి, ఏమీ చేయకుండానే 100 శాతం దగ్గర కొట్టుకుంటుంటే మీరు ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా రెండు వారాలు బాగుంటుంది, మళ్లీ మొదటికే వస్తుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత టూల్ ఒకటుంది, అందులో డిస్క్ పక్కన పసుపు రంగులో కాషన్ అని కనిపిస్తే అసలు అప్‌గ్రేడూ వద్దు, ఫార్మాటూ వద్దు, ముందు డేటా బయటికి తీయండి. చావుకు దగ్గరైన డిస్క్ మీద కొత్త ఓఎస్ రాయడమంటే ఉన్న కాస్త ప్రాణం కూడా తీసేయడమే.

డిస్క్ బాగానే ఉంటే మెషిన్ 11కి పనికొస్తుందో లేదో చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ వాళ్లదే పీసీ హెల్త్ చెక్ అనే చిన్న యాప్ ఉంది, అది చెప్పేస్తుంది. మోటుగా లెక్క ఏంటంటే ఇంటెల్‌లో 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, సెక్యూర్ బూట్‌కి వీలున్న యూఈఎఫ్ఐ (మెషిన్‌ని లేపే బయాస్‌కి కొత్త రూపం), టీపీఎం 2.0 (భద్రతా కీలు దాచే ఏర్పాటు). ర్యామ్ 4 అన్నది కాగితం మీద మాటే, 8 లేకపోతే క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిచాక మీకే తెలుస్తుంది. టీపీఎం లేదని చూపించగానే మెషిన్ పనికిరాదని అనుకోకండి. విడిభాగాలు కొని అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లలో చాలావాటికి అది ఉంటుంది, బయాస్‌లో ఆఫ్ అయి ఉంటుంది అంతే. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనీ ఉంటుంది చూడండి, ఆన్ చేసి మళ్లీ చెక్ చేయండి.

బయాస్‌లో చేయి పెట్టేముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, పాత లెగసీ పద్ధతిలో వేసిన విండోస్ అయితే డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటుంది, బయాస్‌ని యూఈఎఫ్ఐకి మార్చిన మరుక్షణం అది బూట్ కాదు. విండోస్‌లోనే ఎంబీఆర్ టు జీపీటీ (mbr2gpt) అనే టూల్ ఉంది, ముందు దాంతో డిస్క్‌ని జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చి, ఆ తర్వాతే బయాస్ మార్చాలి. రెండోది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసే తాళం. "నేనెప్పుడూ ఆన్ చేయలేదే" అంటారు చాలామంది, కానీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మీకు చెప్పకుండానే ఆన్ అయి ఉండొచ్చు. అలాంటి మెషిన్‌లో బయాస్ కాస్త కదిపితే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో డివైసెస్ కింద ఉంటుంది. ఇప్పుడే వెళ్లి కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత వెతుక్కోవచ్చులే అనుకుంటే, ఆ అకౌంట్ ఏ పాత మెయిల్ ఐడీతో తెరిచారో గుర్తు రాక అప్పుడు మొదలవుతుంది అసలు టెన్షన్.

ఇంటెల్ 7వ తరం, అంతకంటే పాతవి అయితే రిజిస్ట్రీలో చిన్న మార్పు చేసి 11 ఎక్కించే చిట్కాలు యూట్యూబ్ నిండా ఉన్నాయి. పనిచేస్తాయి కూడా. కానీ అలాంటి మెషిన్లకి అప్‌డేట్లు ఇస్తామని గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్ ముందే చెప్పేసింది, పైగా 24హెచ్2 వెర్షన్ వచ్చాక మరీ పాత ప్రాసెసర్లలో అసలు బూటే కాదు. అమ్మానాన్నలు వాడే మెషిన్‌లో ఇలాంటి ప్రయోగాలు నేనైతే చేయను. విండోస్ 10లోనే ఉండి ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌కి నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. ఆ తర్వాత విండోస్ బదులు లినక్స్ మింటో ఉబుంటూనో (ఉచిత ఓఎస్‌లు) వేసి ఇచ్చేయొచ్చు. బ్రౌజర్, యూట్యూబ్, వీడియో కాల్ తప్ప వేరే పని లేనివాళ్లకి తేడా కూడా తెలీదు.

ఇక అప్‌గ్రేడ్ ఎందుకు ముందు అంటున్నానో ఒక మెషిన్ చూపించి చెప్తాను. సుల్తాన్‌పేట వైపు పెళ్లి పత్రికలు వేసే బాబాయి వరస ఆయన ఒకాయన ఉన్నారు, తెలుగు, కన్నడ, తమిళం మూడూ వేస్తారు. ఆయన సిస్టమ్‌లో పేజ్‌మేకర్ 7, దానికి తోడు తెలుగు టైపింగ్‌కి అను స్క్రిప్ట్ మేనేజర్, ఒక పాత కోరెల్‌డ్రా, ప్రింటర్‌కి ఆయనే సెట్ చేసుకున్న కాగితం సైజులు. పేజ్‌మేకర్ 7 ఎప్పుడో 2001లో వచ్చిన సాఫ్ట్‌వేర్, దాని తర్వాత కొత్త వెర్షనే లేదు. సీడీలు ఉన్నాయి గానీ ఒకటి గీతలు పడింది, ఇంకోదాని కవర్ ఒక్కటే ఉంది, సీడీ లేదు. "ఒరేయ్, ఈ డబ్బా ఆగిపోతే శ్రావణమాసంలో నా షాపు మూసుకోవడమేరా, దాన్ని ముట్టుకోకు" అన్నారు. "ముట్టుకోకపోతే కుదరదు బాబాయ్, కానీ ఏదీ తుడవను" అన్నాను. ముందు డిస్క్ మొత్తాన్ని క్లోన్‌జిల్లాతో ఇంకో డిస్క్ మీదికి మక్కీకి మక్కీ దించి, ఆ కాపీని బీరువాలో పెట్టించి, ఆ తర్వాత అప్‌గ్రేడ్ కొట్టాం. పేజ్‌మేకర్ తెరుచుకుంది, అను ఫాంట్లతో పాత పత్రికలు అక్షరం చెదరకుండా వచ్చాయి, కాగితం సైజులు మాత్రం మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఇదే మెషిన్‌కి ఎస్పీ రోడ్డు వైద్యం జరిగి ఉంటే ఆయన పాత ఫైళ్లన్నీ చేతిలోనే ఉన్నా తెరిచే దిక్కుండేది కాదు.

మీ మెషిన్‌లో పేజ్‌మేకర్ లేకపోవచ్చు. కానీ అలాంటిదేదో ఒకటి ఉంటుంది, వెతకండి. ట్యాలీ ఉందా? ఫార్మాట్‌కి ముందు అందులోనే లైసెన్స్ సరెండర్ చేయాలి, లేకపోతే కొత్తగా వేశాక యాక్టివేషన్ దగ్గర ఆగిపోతుంది. జీఎస్టీకి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడుతున్నారా? దాని డ్రైవర్, సైనర్ యుటిలిటీ మళ్లీ ఎక్కించుకోవాలి, రిటర్న్ గడువుకి ముందు రోజు ఆ పని పెట్టుకోకండి. అవుట్‌లుక్‌లో పాప్ అకౌంట్ ఉంటే మెయిళ్లన్నీ పీఎస్‌టీ ఫైల్‌లో మీ డిస్క్ మీదే ఉంటాయి, సర్వర్‌లో ఉండకపోవచ్చు. తెలుగు టైపింగ్‌కి పాత గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ వాడుతున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, విండోస్‌కి దాని ఇన్‌స్టాలర్ ఇవ్వడం గూగుల్ ఎప్పుడో ఆపేసింది. తుడిచేశాక మళ్లీ కావాలంటే ఎవరో ఎక్కడో పెట్టిన అనుమానపు ఫైల్ దించుకోవాల్సిందే. ఇలాంటివి రెండు ఉన్నా సరే, కళ్లు మూసుకుని అప్‌గ్రేడ్ వైపే వెళ్లండి.

ఎలా చేయాలి అంటే, విండోస్ అప్‌డేట్‌లోనే 11 చూపిస్తుంటే అక్కడే నొక్కండి. చూపించకపోతే మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ దొరుకుతుంది. మొదలుపెట్టే ముందు సీ డ్రైవ్‌లో ఓ 30 జీబీ ఖాళీ చేయండి, డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ ఏదైనా ఉంటే తీసేయండి (కీ రాసుకుని), ప్రింటరూ పెన్‌డ్రైవులూ ఊడదీయండి, ఛార్జర్ పెట్టండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా వేసవి సాయంత్రం మొదలుపెట్టకండి, కరెంటు పోతే మధ్యలో ఆగిపోతుంది, అది తనంతట తాను వెనక్కి రావడానికి ప్రయత్నిస్తుంది గానీ ప్రతిసారీ వస్తుందని నమ్మకం లేదు. పీజీ వైఫైలో ఉన్నవాళ్లు డౌన్‌లోడ్ రాత్రి పెట్టుకోండి, 5 జీబీ పైనే లాగుతుంది, సాయంత్రం అందరూ క్రికెట్ చూసేటప్పుడు పెడితే తెల్లారుతుంది.

ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఫైల్) దించుకుని అందులోని సెటప్ నడిపేవాళ్లు ఒక తెర దగ్గర ఆగి చూడాలి. ఫైళ్లు, యాప్‌లు రెండూ ఉంచు అన్న ఆప్షన్ అక్కడ బూడిద రంగులో, నొక్కడానికి వీల్లేకుండా ఉంటే ముందుకి వెళ్లకండి. సాధారణంగా భాష తేడా వల్ల అలా అవుతుంది. మీ విండోస్ ఇంగ్లిష్ యూఎస్‌ది అయి, మీరు దించింది ఇంగ్లిష్ ఇంటర్నేషనల్ అయితే అది యాప్‌లు ఉంచనంటుంది. సరైన భాషది మళ్లీ దించుకోండి. అన్నట్టు ఇదే పద్ధతి విండోస్ 11 పాడైనప్పుడు రిపేర్‌కి కూడా పనికొస్తుంది, అదే వెర్షన్‌ని దాని మీద మళ్లీ నడిపితే సిస్టమ్ ఫైళ్లు కొత్తవి అవుతాయి, మీ సాఫ్ట్‌వేర్లు అలాగే ఉంటాయి. ఫార్మాట్‌కి తీసుకెళ్లే మెషిన్లలో సగం దీంతోనే బాగవుతాయని నా గట్టి నమ్మకం.

అప్‌గ్రేడ్ అయ్యాక నచ్చకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ కింద వెనక్కి వెళ్లే బటన్ 10 రోజుల పాటు ఉంటుంది. పాత విండోస్ అంతా విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో కూర్చుని ఉంటుంది కాబట్టి, జాగా తినేస్తోందని దాన్ని మొదటి రోజే తుడిచేయకండి. మీ బ్యాంకు పని, ప్రింటర్, ఆఫీస్ వీపీఎన్ అన్నీ ఒకసారి వాడి చూసుకోండి.

ఇక ఫార్మాటే చేయాల్సిన సందర్భాలు.

వైరస్ పడితే. రాన్సమ్‌వేర్ లాంటిది ఒకసారి లోపలికి వచ్చాక దాని మీద అప్‌గ్రేడ్ చేయడం అర్థం లేని పని, అది కూడా మీతోపాటే 11కి వస్తుంది. యాక్టివేటర్‌తో దొంగ విండోస్ వేయించుకున్నా ఇదే మాట, ఎందుకంటే ఆ యాక్టివేటర్ పనిచేయాలంటే యాంటీవైరస్‌లో దానికి మినహాయింపు ఇచ్చి పెడతారు, ఆ తలుపు అలాగే తెరిచి ఉంటుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లు కొన్నప్పుడే హోమ్ ఎడిషన్ లైసెన్స్‌తో వస్తాయి, ఆ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. తర్వాత ఎవరో ఫార్మాట్ కొట్టి "ప్రో వేశాను సార్" అని గొప్పగా చెప్పి క్రాక్ చేసిన ప్రో వేస్తారు. అంటే డబ్బు పెట్టి కొన్న అసలు లైసెన్స్ పక్కన పడుకుని ఉండగా మీరు దొంగ సరుకు వాడుతున్నట్టు. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి ఎస్ఎల్ఎంజీఆర్ కమాండ్‌ని ఎక్స్‌పీఆర్ ఆప్షన్‌తో (slmgr /xpr) నడిపి చూడండి. శాశ్వతంగా యాక్టివేట్ అయిందని రాకుండా ఏదో గడువు తేదీ చూపిస్తే, అది మీ ఆఫీసు మెషిన్ కూడా కాకపోతే, సంగతి అర్థమైనట్టే. హోమ్ ఎడిషన్‌ని శుభ్రంగా వేసి నెట్‌కి కలపండి, కీ అడక్కుండానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

సెకండ్‌హ్యాండ్ కొంటే. కంపెనీలు తీసేసిన థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ ల్యాప్‌టాప్‌లు ఈ ఊళ్లో బోలెడు దొరుకుతాయి, మంచి మెషిన్లే. ఎవరు ఏం వేశారో తెలియని ఓఎస్ మీద మీ బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టకండి, మొత్తం తుడిచి వేసుకోండి. అయితే డబ్బు ఇచ్చేముందే షాపులో రీసెట్ చేయించి, మొదటి సెటప్ తెర వచ్చాక మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి చూడండి. ఏదో కంపెనీ పేరుతో స్వాగతం చెప్పి ఆఫీస్ మెయిల్ అడిగితే ఆ మెషిన్ ఇంకా ఆ కంపెనీ ఆటోపైలట్ (కంపెనీలు తమ మెషిన్లని నెట్ ద్వారా నమోదు చేసి సెట్ చేసే పద్ధతి) జాబితాలోనే ఉందన్నమాట. ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా నెట్‌కి కలిపిన ప్రతిసారీ అదే తెర. బయాస్ పాస్‌వర్డ్ ఉందేమో కూడా అప్పుడే చూసుకోండి.

విండోస్ 7 మీదే ఇంకా ఉంటే, అక్కడి నుంచి 11కి నేరుగా సాఫ్ట్‌వేర్లతో సహా వెళ్లే దారి లేదు. కొత్తగా వేయడమే.

నాలుగోది నాకు బాగా ఇష్టమైనది, హెచ్‌డీడీ తీసి ఎస్ఎస్‌డీ పెట్టడం. ఇక్కడ అసలు భయపడాల్సిందే లేదు. కొత్త ఎస్ఎస్‌డీ మీద విండోస్ తాజాగా వేసుకోండి, పాత డిస్క్‌ని ఏమీ తుడవకుండా ఒక యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టేసుకోండి. ఏదైనా మర్చిపోయామనిపిస్తే కలిపి తీసుకోవచ్చు, కొత్తది కుదరకపోతే పాతది మళ్లీ బిగించి నిన్నటిలాగే పని చేసుకోవచ్చు. డిస్క్ మార్చకుండా ఫార్మాట్ చేసేవాళ్లకి ఈ సౌఖ్యం లేదు, వాళ్లు నిజమైన బ్యాకప్ తీయాలి. "డీ డ్రైవ్‌లో వేశాను కదా" అన్నది బ్యాకప్ కాదు. సీ, డీ చాలాసార్లు ఒకే డిస్క్ మీద రెండు ముక్కలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక్క తప్పు లైన్ మీద డిలీట్ నొక్కితే రెండూ పోతాయి. డీ మిగిలినా, అది ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే కొత్త విండోస్ దాన్ని తెరవడానికి డీ డ్రైవ్‌కి ఉన్న 48 అంకెల కీ అడుగుతుంది.

వేసే పద్ధతి పెద్ద విద్య ఏం కాదు. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్, వేరే మంచి మెషిన్‌లో మీడియా క్రియేషన్ టూల్, అంతే. డిస్క్ ఎంచుకునే తెర దగ్గర మాత్రం నెమ్మదిగా చూడండి, డిస్క్ 0, డిస్క్ 1 అన్న పేర్లు నమ్మకండి, సైజు చూసి గుర్తుపట్టండి. డెస్క్‌టాప్ అయితే డేటా డిస్క్ కేబుల్ పీకేసి మొదలుపెట్టడం అన్నిటికంటే క్షేమం. 11వ తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఆ తెర మీద అసలు డిస్కే కనిపించకపోవచ్చు, డిస్క్ చచ్చిపోయిందని కంగారు పడకండి. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని మీ ల్యాప్‌టాప్ మోడల్ సైట్ నుంచి దించి పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టుకుంటే, లోడ్ డ్రైవర్ నొక్కగానే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. వైఫై డ్రైవర్ కూడా అదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. మర్చిపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, మొదటి సెటప్‌కి నెట్ దొరుకుతుంది.

మ్యాక్ వాళ్లకి ఈ గొడవంతా అక్కర్లేదు, అప్‌గ్రేడ్ చేసుకోండి, అమ్మేటప్పుడు తప్ప తుడవనవసరం లేదు. ఉబుంటూ వాళ్లు ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి అప్‌డేట్లు వచ్చే వెర్షన్) నుంచి ఎల్‌టీఎస్‌కి అప్‌గ్రేడ్ చేయొచ్చు గానీ, బయటి పీపీఏలు (ఉబుంటూవి కాని సాఫ్ట్‌వేర్ మూలాలు) నాలుగైదు కలిపి ఉంటే హోమ్ ఫోల్డర్ దాచుకుని కొత్తగా వేసుకోవడమే మేలు. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే రెండూ వద్దు, ఐటీ వాళ్లకి టికెట్ వేయండి.

కొత్తగా వేశాక ముందు విండోస్ అప్‌డేట్ రెండు మూడుసార్లు నడపండి, చాలా డ్రైవర్లు అందులోనే వచ్చేస్తాయి. తర్వాత డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు మిగిలినవాటికి మాత్రమే కంపెనీ సైట్‌కి వెళ్లండి, డ్రైవర్ అప్‌డేటర్ అని చెప్పుకునే సాఫ్ట్‌వేర్లు ఒక్కటి కూడా వేయకండి. బిట్‌లాకర్ కీ మళ్లీ చూసి రాసుకోండి, కొత్త ఇన్‌స్టాల్‌కి కొత్త కీ, పాత కాగితం దీనికి పనికిరాదు. తెలుగు టైపింగ్‌కి వేరే ఏదీ దించుకోనక్కర్లేదు, లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగు కలిపి కీబోర్డుల్లో తెలుగు ఫొనెటిక్ ఎంచుకుంటే విండోస్ కీ, స్పేస్‌తో ఇంగ్లిష్ నుంచి తెలుగుకి మారిపోవచ్చు. పాత డిస్క్‌నో బ్యాకప్‌నో కనీసం ఒక జీఎస్టీ రిటర్న్, ఒక నెల జీతం స్లిప్ ఈ కొత్త మెషిన్ నుంచి బయటికి వచ్చేదాకా చెరపకండి.